అనంతపురం చెరువు: ఊరికి పేరిచ్చిన అనంతసాగరం

పండమేరు ఒడ్డు (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. పోయిన వారం మా అమ్మాయి బడి పని చేసుకుంటూ, "నాన్నా, మన ఊళ్ళో అనంతపద్మనాభస్వామి గుడి ఎక్కడుంది?" అని అడిగింది. అనంతపురం అన్నారు కాబట్టి అది దేవుడి పేరే అయి ఉంటుందని ఆమె ఊహ. చిన్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. అది చెరువు పేరమ్మా, మన ఊళ్ళో చెరువు ముందు, ఊరు తర్వాత అని చెబితే నమ్మలేదు. చెరువు మనుషులు తవ్వింది కదా, మనుషులు లేకుండా చెరువెలా వస్తుందని ఎదురు ప్రశ్న వేసింది. ఆ ప్రశ్నకు నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మొదటి బుక్కరాయల మంత్రి చిక్క ఒడయరు 1364లో పండమేరు వాగుకు అడ్డంగా కట్ట వేయించాడని, ఆ చెరువు మీద ఆధారపడి రెండు ఊళ్ళు వెలిశాయని మన జిల్లా చరిత్రలో చదువుకున్నాం. ఒకటి రాజు పేరు పెట్టుకున్న బుక్కరాయసముద్రం, రెండోది అనంతసాగరం. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం. విజయనగరం స్థాపించి అప్పటికి ముప్పై ఏళ్ళయినా కాలేదు. హంపీలో మనం ఈనాడు చూసే గొప్ప కట్టడాల్లో చాలా వాటికి అప్పటికింకా పునాది కూడా పడలేదు. రాజ్యం ఇంకా నిలదొక్కుకుంటున్న ఆ రోజుల్లోనే ఈ మెట్ట సీమలో ఒక వాగును ఆపి చెరువు కట్టాలన్న ఆలోచన చేశారంటే, దాని వెనుక ఎంతో పెద్ద అవసరం ఉండి ఉండాలి.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి ఇవి. ఈ అనంత ఎవరు? ముసలమ్మ కథలో చరిత్ర ఎంత? మట్టితో వేసిన కట్ట ఇన్ని వందల ఏళ్ళు ఎలా నిలబడింది?

శాసనపాఠి

మంచి చర్చ మొదలుపెట్టారు. పేరు సంగతి ముందు చూద్దాం. అనంత అన్నది బుక్కరాయల రాణి పేరని ఒక వాదం ఉంది. బుక్కరాయలకు ఆ పేరు గల రాణి లేదు కాబట్టి, చెరువు కట్టించిన మంత్రి అనంతరస చిక్క ఒడయరు పేరే చెరువుకు పెట్టారని రెండో వాదం. అంతులేని సాగరం అన్న అర్థంలోనే ఆ పేరు పెట్టారనేవారూ ఉన్నారు.

నాకు రెండో వాదమే సబబుగా తోస్తుంది. అనంతరస ఒడయరు కల్పిత వ్యక్తి కాదు. 1354 నాటి పెనుకొండ కోట శాసనంలో కోట కట్టించిన మంత్రిగా ఆయన పేరు కనిపిస్తుంది. పెనుకొండలో కోట కట్టించినవాడే పదేళ్ళ తర్వాత పండమేరు మీద చెరువు కట్టించాడంటే కాలమూ సరిపోతుంది, పనుల వరుసా సరిపోతుంది. ముందు సరిహద్దును కాపాడే కోట, ఆ తర్వాత సైన్యానికీ జనానికీ తిండి పెట్టే నీరు. చెరువుకు ఒక వైపు ఊరికి ప్రభువు పేరు, మరో వైపు ఊరికి తన పేరు పెట్టుకోవడం ఆ కాలపు మంత్రులకు తగిన మర్యాదే.

ఊళ్ళ పేర్ల చివర వచ్చే "సముద్రం", "సాగరం" గురించి కూడా ఒక మాట. కడలికి ఇంత దూరంలో ఉన్న మన సీమలో ఊరి పేరు చివర ఈ మాటలు వినిపిస్తే అక్కడ పెద్ద చెరువు ఉందని, లేదా ఒకప్పుడు ఉండేదని అర్థం చేసుకోవచ్చు. ఇది అతిశయోక్తి కోసం పెట్టిన పేరు కాదు. చెరువు తవ్వించడాన్ని సప్త సంతానాల్లో ఒకటిగా ఎంచిన కాలమది. కొడుకు, నిధి, గుడి, అగ్రహారం, కావ్యం, తోట, తటాకం అనే ఏడింటిలో తటాకానిది చాలా గౌరవమైన స్థానం.

మరో సంగతి కూడా చెప్పాలి. 1364 అంటే శాలివాహన శకం 1286, క్రోధి నామ సంవత్సరం. 2024లో వచ్చిందీ క్రోధి సంవత్సరమే. ఆ రెంటి మధ్య అరవై ఏళ్ళ చక్రం సరిగ్గా పదకొండు సార్లు తిరిగింది.

తెలుగు పంతులమ్మ

శాసనపాఠి గారూ, మంత్రి పేరే అయి ఉండవచ్చు, కాదనను. కానీ మా వైపు ముసలివాళ్ళు "అనంతమ్మ పేరు మీద పెట్టినారు" అనే చెబుతారు. శాసనంలో లేనంత మాత్రాన ఆ మాటను పక్కన పెట్టలేను. చెరువును జనం ఆడదానిగానే తలుచుకుంటారు. గంగమ్మ అంటారు. ఆ ఊహలోనుంచే అనంతరసుడు కాలక్రమంలో అనంతమ్మగా మారి ఉండవచ్చునని నా అభిప్రాయం.

ఇక ముసలమ్మ. ముసలమ్మ అనగానే పిల్లలు పండు ముసలిని ఊహించుకుంటారు. నిజానికి ఆమె బుక్కరాయసముద్రానికి చెందిన బసిరెడ్డి ఇంటి కోడలు, వయసులో ఉన్న ఇల్లాలు. ఒకసారి ఎడతెగని వానలకు చెరువు నిండి, కట్ట తెగే స్థితికి వచ్చింది. మట్టి పోసినా, రాళ్ళు వేసినా నిలవలేదు. బసిరెడ్డి కోడలు ముసలమ్మను బలి ఇస్తే గండి పూడుతుందని దేవత పలికింది. ఆ మాట విన్న ముసలమ్మ పారిపోలేదు, ఏడవలేదు. పెద్దల దగ్గర సెలవు తీసుకుని, తానే నడిచి వెళ్ళి గండిలో దిగింది. ఆ చోటును ఇప్పటికీ ముసలమ్మ కట్ట అంటారు. కట్టమంచి రామలింగారెడ్డి గారు చదువుకునే రోజుల్లోనే ఈ కథను "ముసలమ్మ మరణము" అనే కావ్యంగా రాశారు. ఆధునిక తెలుగు కవిత్వం గురించి చెప్పేటప్పుడు ఆ కావ్యం పేరు తప్పకుండా వస్తుంది.

ఈ కథను పాఠంగా చెప్పిన ప్రతిసారీ నాకు మనసులో ఒక బాధ మిగులుతుంది. ఊరంతా కట్టుకున్న చెరువు, ఊరంతా తాగే నీరు. ప్రాణం మాత్రం ఒక ఇంటి కోడలిది. ఆమె త్యాగాన్ని తక్కువ చేయడం లేదు. ఆమెను ఆ స్థితికి తెచ్చిన లోపం ఎక్కడ జరిగిందో కూడా మనం అడగాలి కదా అంటున్నాను.

తూము రాయి

పంతులమ్మ గారు అడిగిన ప్రశ్నకు నా వృత్తి పరిధిలో సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను. నేను నీటిపారుదల పనుల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఇంజనీరును.

మట్టి కట్ట తెగడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది పైనుంచి. చెరువుకు వచ్చే వరదంతా బయటికి పోయేటంత వెడల్పు మరువకు లేకపోతే నీరు కట్ట మీదుగా పొర్లుతుంది. పొర్లిన నీరు కట్ట వెనుక వాలును కోసేస్తుంది. ఒకసారి కోత మొదలైతే గంటల వ్యవధిలో గండి పడుతుంది. రెండోది లోపలినుంచి. కట్ట అడుగున సన్నటి ఊట మొదలవుతుంది. ఎండ్రకాయ బొక్కయినా, చచ్చిన చెట్టు వేరు కుళ్ళి ఏర్పడిన సందయినా, తూము గోడకూ మట్టికీ మధ్య ఏర్పడిన పగులైనా నీటికి అదే దారి. ఆ ఊట తేటగా ఉన్నంతవరకు ప్రమాదం తక్కువ. ఊట నీరు బురద రంగుకు తిరిగిందంటే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే. అప్పుడు పైన ఎంత మట్టి పోసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఖాళీ కింద పెరుగుతూ ఉంటుంది.

"మట్టి పోసినా, రాళ్ళు వేసినా నిలవలేదు" అని కథలో వచ్చిందే, ఆ మాట ఈ రెండో రకం గండికి సరిగ్గా సరిపోతుంది. కట్టను కళ్ళారా చూసినవాళ్ళు చెప్పుకున్న కథ అది. ఊటను మొదటి రోజే కనిపెట్టి, కట్ట వెనుక అడుగున ఇసుకా కంకరా పరిచి, నీరు పోతున్నా మట్టి పోకుండా ఆపగలిగితే ఆ తల్లి గండిలో దిగవలసిన అవసరం వచ్చేది కాదేమో.

పోరుమామిళ్ళ వాసి

కడప జిల్లానుంచి రాస్తున్నాను. తూము రాయి గారు చెప్పిన ఊట దోషాన్ని మా చెరువు శాసనం ఆరు వందల ఏళ్ళకు పైబడిన కాలంలోనే మొట్టమొదటి దోషంగా రాసిపెట్టింది. దాన్ని గురించి కొంచెం వివరంగా రాయడానికి అనుమతించండి, ఎందుకంటే మీ చెరువుకూ మా చెరువుకూ మధ్య ఐదేళ్ళే తేడా.

మా పోరుమామిళ్ళ చెరువు అసలు పేరు అనంతరాజసాగరం. బుక్కరాయల కొడుకు భాస్కరుడు, ఆయనకే భవదూరుడని మరో పేరు, ఉదయగిరి నుంచి పాలించే రోజుల్లో దీన్ని కట్టించాడు. శాసనం శకం 1291, సౌమ్య నామ సంవత్సరం నాటిది, అంటే క్రీ.శ. 1369. రెండు రాతి పలకల మీద సంస్కృత శ్లోకాల్లో ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు పనిచేశారని, రాయి తోలడానికి వంద బండ్లు నడిచాయని, పని రెండేళ్ళకు పూర్తయిందని అందులో ఉంది. కట్ట పొడవు ఐదు వేల రేఖాదండాలు (ఆనాటి పొడవు కొలత), వెడల్పు ఎనిమిది, ఎత్తు ఏడు అని కొలతలతో సహా చెప్పారు.

అంతకంటే విలువైన భాగం మరొకటుంది. మంచి చెరువుకు పన్నెండు సాధనాలు కావాలంటూ వరుసగా చెబుతుంది. ధర్మబుద్ధీ ధనమూ ఉండి కీర్తిని కోరే రాజు ఉండాలి. పాథశ్శాస్త్రం, అంటే నీటి శాస్త్రం తెలిసిన పండితుడు ఉండాలి. నేల గట్టి బంకమట్టి నేల కావాలి. మూడు యోజనాల దూరం పారి వచ్చే తియ్యని నీటి నది కావాలి. చెరువును తాకుతూ కొండ ఉండాలి. ఆ కొండల నడుమ గట్టి రాతితో, మరీ పొడవు కాకుండా కట్ట వేయాలి. చెరువు గర్భం విశాలంగా, లోతుగా ఉండాలి. దగ్గరలో నిడుపాటి రాళ్ళు దొరికే గని ఉండాలి. ఆయకట్టు నేల చదునుగా, సారవంతంగా ఉండాలి. చివరికి, కట్టడంలో నేర్పు గల పనివాళ్ళ గుంపు కావాలి. పట్టికలో ఉన్న అన్నింటినీ నేనిక్కడ రాయలేదు. రాజుతో మొదలై పనివాళ్ళతో ముగిసే ఆ వరుస నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

తర్వాత ఆరు దోషాలు. కట్టనుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండటం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. మూడో దోషం చదివితే ఈ కాలపు నదీజలాల తగాదాలు గుర్తుకు రాని తెలుగువారుండరు.

మా చెరువు కట్ట మొత్తం మనిషి వేసింది కాదు. నాలుగు సహజమైన కొండలను మూడు మట్టి కట్టలతో కలిపారు. మట్టి కొట్టుకుపోకుండా లోపలి వాలుకు కడప బండలు పరిచారు. నేను చిన్నప్పటినుంచి ఆ బండల మీద నడిచినవాణ్ణి. అలల తాకిడికి వాటి అంచులు అరిగి నున్నబడ్డాయి. వేసవిలో చెరువు ఎండినప్పుడు కింది వరుసల్లో ఒక బండను ఇంకో బండ కొంచెం కరుచుకుని ఉండటం స్పష్టంగా కనిపిస్తుంది. ఒకటి లాగితే పైది జారుతుంది. అందుకే మా పెద్దలు ఇంటి అరుగులకు ఆ బండలు తెచ్చుకోవడానికి ఎవరినీ ఒప్పుకునేవారు కాదు.

మల్లెల బాట

ఆసక్తితో చదువుతున్నాను. ఒక చిన్న సందేహం. పైన "మరువ" అన్నారు. మా కోస్తా వైపు "అలుగు" అంటాం. రెండూ ఒకటేనా?

తూము రాయి

ఒకటేనండి. చెరువు నిండాక ఎక్కువైన నీరు బయటికి పోయే రాతి కట్టడాన్ని మీరు అలుగు అంటారు, మేము మరువ అంటాం, కొందరు మరవ అంటారు. మీ వైపు "చెరువు అలుగు పారింది" అన్నట్టే మా వైపు "చెరువు మరువ పారింది" అంటారు. అనంతపురం పట్టణంలో పారే వంకల్లో ఒకటి మరువ వంక. ఈ మాట మీద తర్వాత మళ్ళీ రాస్తాను.

కొండగాలి

పెనుకొండ వాణ్ణి. చెరువు కట్టడం ఒక ఎత్తు, దానికి నీరు తేవడం మరో ఎత్తు. ఆ కాలంలో ఆ పని తెలిసినవాళ్ళు ఉండేవారనడానికి మా ఊరి శాసనమే సాక్ష్యం.

1388లో రెండో హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండి పాలిస్తున్నప్పుడు, పట్టణానికి నీరు లేక జనం పడే ఇబ్బంది చూసి, పెన్న నీటిని పెనుకొండకు తెమ్మని సింగాయభట్టును ఆదేశించాడు. సింగాయభట్టు బిరుదు "జలసూత్రద". నీటి సూత్రం తెలిసినవాడని అర్థం. ఆయన కల్లుడి దగ్గర పెన్ననుంచి సిరువెర చెరువు వరకు కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టి శాసనం వేయించాడు.

పోరుమామిళ్ళ శాసనం పన్నెండు సాధనాల్లో రెండోదిగా చెప్పిన నీటి శాస్త్ర పండితుడు ఎలా ఉంటాడో మాకు సింగాయభట్టు చూపిస్తాడు. మీ అనంతసాగరానికి కూడా అటువంటివాడు ఒకడు తప్పకుండా పనిచేసి ఉంటాడు. పండమేరు పారే దారంతా తిరిగి, ఎక్కడ అడ్డుకడితే తక్కువ మట్టితో ఎక్కువ నీరు నిలుస్తుందో చూసి చెప్పిన ఆ మనిషి పేరు మనకు మిగల్లేదు.

నీరుగంటి మనవడు

అందరూ కట్టినవాళ్ళ గురించి రాస్తున్నారు. చెరువు కట్టింది రెండేళ్ళయితే కాపాడింది ఆరు వందల ఏళ్ళు. కాపాడినవాళ్ళ గురించి నేను రాస్తాను. మా తాత మా ఊరి చెరువుకు నీరుగంటి. మాది శింగనమల దిక్కున చిన్న ఊరు.

నీరుగంటి అంటే ఆయకట్టులో నీళ్ళు పంచేవాడు. ఏ మడికి ఏ పూట నీళ్ళు, ఎంతసేపు, ఎవరి వంతు తర్వాత ఎవరిది అన్నది ఆయన నోటి మాట మీద నడిచేది. తన సొంత అన్నదమ్ముల మడి ఎండుతున్నా వంతు తప్పి నీరు వదలకూడదు. తూము తెరవడం ఆయన ఒక్కడి పని. చెరువు లోపల నీటిలో రెండు రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. వాటి మధ్య అడ్డరాళ్ళు, ఆ అడ్డరాళ్ళకు నడుమ గుండ్రటి బెజ్జాలు. ఆ బెజ్జాల్లోనుంచి నిలువునా ఒక పొడవాటి కొయ్య దిగి, కింద తూము కంతలో బిరడాలాగా కూర్చుంటుంది. మా తాత నీటిలో ఈదుకుంటూ వెళ్ళి స్తంభమెక్కి, ఆ కొయ్యను రెండు చేతులా కావలించుకుని ఒక్క ఊపున పైకి లేపేవాడు. ఎంత లేపితే ఎంత నీరు వస్తుందో కొయ్య మీద కత్తితో గాట్లు పెట్టుకున్నాడు. మూడో గాటు వరకు లేపితే కింది కాలువ నిండుతుందని ఆయన లెక్క.

చిత్త కార్తెలో, స్వాతి కార్తెలో వాన పట్టిందంటే ఆయన ఇంట్లో పడుకునేవాడు కాదు. గోనె సంచి కప్పుకుని, లాంతరు పట్టుకుని కట్ట వెనుక వాలు వెంట నడిచేవాడు. తూము రాయి గారు రాసిన ఊట రంగు సంగతి చదివి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా తాత ఊట కనబడిన చోట దోసిట్లో నీరు పట్టి లాంతరు వెలుగులో చూసేవాడు. నేను చిన్నవాణ్ణి కాబట్టి తాగడానికి పడుతున్నాడని అనుకునేవాణ్ణి. ఎందుకు చూసేవాడో ఇన్నేళ్ళకు మీ రాత చదివాక తెలిసింది.

శాసనపాఠి

నీరుగంటి మనవడు గారికి నమస్కారం. మీరు రాసింది ఏ శాసనంలోనూ దొరకదు.

కాపాడటానికి ఆనాడు ఒక ఏర్పాటు ఉండేది. చెరువు కట్టినవారికో, మరమ్మతు చేసేవారికో ఆయకట్టు కింది భూమిలో కొంత మాన్యంగా ఇచ్చేవారు. దాన్ని దశబంధం అనేవారు. కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో దశబంధం ఇనాములు ఇంగ్లీషువారి కాలం దాకా విస్తారంగా ఉండేవి. ఈ పద్ధతిలో గొప్ప మెలకువ ఉంది. చెరువు బాగుంటేనే మాన్యం పండుతుంది. చెరువు పాడైతే కాపాడవలసినవాడి పొలమే ముందు ఎండుతుంది.

1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కుంపిణీకి దత్తం చేశాక థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉన్నారు. కొంతకాలం అనంతపురంలోనే బస చేశారు. ఆ తర్వాతి రోజుల్లో శిస్తు వసూలు మీద ఉన్న శ్రద్ధ చెరువుల మీద నిలవలేదన్నది నా అభిప్రాయం. పూర్వం ఊరంతా కలిసి వంతుల వారీగా పూడిక తీసి, కట్ట సరిచేసుకునే కుడిమరామతు క్రమంగా సన్నగిల్లింది. దాన్ని నిలబెట్టడానికి 1858లో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చారు. మర్యాదగా నడిచిన పనిని చట్టంతో నడిపించబోతే అది నడవలేదు. 1876-78 నాటి మహా క్షామం, మనవాళ్ళు ధాత కరువు అని చెప్పుకునేది, సీమను ఊడ్చిపెట్టింది. ఆ తర్వాత 1883లో గానీ చెరువుల పునరుద్ధరణ పథకం మొదలుకాలేదు.

తెలుగు పంతులమ్మ

శాసనపాఠి గారూ, చిన్న విభేదం చెప్పనివ్వండి. వంతుల వారీగా ఊరంతా పనిచేశారని రాశారు. ఆ ఊరంతాలో ఎవరు తట్ట మోశారు, ఎవరు మాన్యం అనుభవించారు అన్నదీ చూడాలి. చెరువు తవ్విన ఒడ్డెవాళ్ళకు ఆయకట్టులో ఎన్ని ఎకరాలు దక్కాయి? ఆనాటి పద్ధతిని గౌరవిస్తూనే ఈ ప్రశ్న అడుగుతున్నాను.

శాసనపాఠి

మీ ప్రశ్న న్యాయమైనది. "మర్యాదగా నడిచిన పని" అన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. వెయ్యి మంది కూలీలని లెక్క రాసిన శాసనం ఆ వెయ్యి మందిలో ఒక్కరి పేరూ రాయలేదు.

వంక పక్క ఇల్లు

ఇంతవరకు చదువుతూ వచ్చాను, రాయాలా వద్దా అని తటపటాయించాను. నేను అనంతపురంలో పదేళ్ళ కిందట స్థలం కొని ఇల్లు కట్టుకున్నాను. అమ్మినవారు అది చదునైన మంచి స్థలమన్నారు. పక్కన చిన్న కాలువ ఉంది, మురుగు కాలువ అన్నారు. 2022 అక్టోబరులో రాత్రి నిద్రలో ఉండగా నీరు వచ్చింది. తెల్లవారేసరికి వంటింట్లో గ్యాసు బండ తేలుతోంది. మా అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మేడ మీదికి మోశాం. నీరు దిగాక చూస్తే ఇంట్లో మోకాలి ఎత్తున ఎర్రటి ఒండ్రు. మా పిల్లల పుస్తకాలు, మా పెళ్ళి ఫోటోలు, పత్రాలు అన్నీ పోయాయి.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, ప్రతి వేసవీ నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్ళో, నా ఇల్లు నీట మునిగింది. అది ఎలా సాధ్యమో ఈ చర్చలో ఎవరైనా చెప్పగలరా?

తూము రాయి

మీకు జరిగిన నష్టానికి చాలా బాధగా ఉంది. అమ్మగారు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ ప్రశ్నకు జవాబు ఈ చెరువు చరిత్రలోనే ఉంది.

మన జిల్లా రెండు రుతుపవనాలకూ చివర ఉంది. నైరుతి వాన పడమటి కనుమల దగ్గరే చాలా వరకు అయిపోతుంది. ఈశాన్యం ఇక్కడికి వచ్చేసరికి బలహీనపడుతుంది. అందుకే మొత్తం తక్కువ. కానీ ఆ తక్కువలో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లో కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి ఒక్క రాత్రిలోనే పడుతుంది. పండమేరు ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. ఆ రెండు మూడు రాత్రులు మాత్రం నది. చిక్క ఒడయరు చెరువు కట్టించింది ఆ రెండు మూడు రాత్రుల నీటిని పట్టి ఉంచడానికే.

పైన కనగానపల్లి, రాప్తాడు వైపునుంచి పండమేరు దారిలో చెరువులు ఒకదాని కింద ఒకటి గొలుసులాగా ఉండేవి. పై చెరువు మరువ నీరు కింది చెరువుకు వచ్చేది. ప్రతి చెరువూ వరదను కొన్ని గంటలు ఆపి, నెమ్మదిగా వదిలేది. చెరువు పూడితే ఆ ఆపే శక్తి తగ్గుతుంది. వంక వెడల్పు తగ్గితే పోయే దారి తగ్గుతుంది. రెండూ ఒకేసారి జరిగితే నీరు ఇళ్ళలోకి వస్తుంది. మరువ వంక అన్న పేరే చెబుతోంది, అది చెరువు నిండినప్పుడు మిగులు నీరు పోవడానికి వదిలిపెట్టిన దారి అని. ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళు పక్కన ఇల్లు కట్టుకోరు, కట్టుకొమ్మని అమ్మరు. ఆ అర్థం మీకు ఎవరూ చెప్పలేదు, అందులో మీ తప్పు లేదు. పోరుమామిళ్ళ శాసనం ఆరో దోషంగా చెప్పిన "నేల తక్కువై నీరు ఎక్కువ కావడం" ఈనాడు పట్టణానికి పట్టిన దోషం. నీరు పెరగలేదు, నేలను మనం తగ్గించాం.

స్థలం కొనేముందు పాత గ్రామపటం తీసి వంక, వాగు, కుంట, చెరువు గర్భం అని రాసి ఉన్న చోట్లు చూడమని నేను అందరికీ చెబుతుంటాను. పటంలో అవి నీలి గీతలుగా ఉంటాయి.

పండమేరు ఒడ్డు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం పొద్దున మా అమ్మాయిని వెంటబెట్టుకుని కట్ట మీదికి వెళ్ళాను. ముసలమ్మ దగ్గర రాతికి అప్పుడే ఎవరో పసుపు రాసి వెళ్ళినట్టుంది, ఇంకా తడి ఆరలేదు. పంతులమ్మ గారు చెప్పినట్టు ముసలమ్మ పండు ముసలి కాదని చెబితే, మా అమ్మాయి కాసేపు మాట్లాడకుండా నిలబడి, "మరి ఆమె పేరు ఊరికి ఎందుకు పెట్టలేదు?" అని అడిగింది.

తర్వాత ఇద్దరం కట్ట వెనుక వాలు దిగి అడుగున నడిచాం. నీరుగంటి మనవడు గారి తాతగారిని తలుచుకుని, ఒక చోట నేల చెమ్మగా కనిపిస్తే నేను వంగి దోసిలి పట్టాను. నీరు తేటగా ఉంది. వంక పక్క ఇల్లు గారూ, మీ వీధి ఉన్న పాత గ్రామపటం నకలు కోసం రేపు నేనూ మీతో వస్తాను. ఎన్ని గంటలకు బయలుదేరుదామో చెప్పండి.